గిడ్డయ్య మామ కేక

నా చెవిలో ఉన్న మిషను ఎవరిది? నాదా, కంపెనీదా? ఈ ఒక్క ప్రశ్న అడిగినందుకు కర్నూలులో ఏసీ గదిలో ఒక మేనేజరు నీళ్ళు నమిలాడు. ఆ సంగతే చెబుతాను. నాకు ముక్కు మీద కోపమని మా కోసిగిలో అందరికీ తెలుసు. చెప్పేటప్పుడు మధ్యలో గొంతు లేస్తే అది మీ మీద కాదనుకోండి.

నా పేరు ప్రేమజ్యోతి. కూలి గుంపుకు మేస్త్రీని. పత్తి కాలంలో చుట్టుపక్కల చేలకు, అది అయిపోగానే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపుకు మా వాళ్ళను తీసుకుపోతాను. రైతుతో కూలి మాట్లాడేది నేనే, బండి మాట్లాడేది నేనే, ఎవరికైనా జ్వరం వస్తే ఆస్పత్రికి పట్టుకుపోయేదీ నేనే. మగ మేస్త్రీలు ఊరి నిండా ఉన్నారు. మా పేటలో ఆడమేస్త్రీని నేనొక్కదాన్నే, నాకు ముందు మా అమ్మ. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మా గుంపులో అమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పొద్దు గూకి పని దిగేటప్పుడు మేస్త్రీ గట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి కేక వేయాలి. చేలో ఏ మూలనున్నా వాళ్ళు 'ఓ' అని తిరిగి కేక వేయాలి. అందరి 'ఓ' చెవిన పడ్డాకే మేస్త్రీ బండి ఎక్కాలి. మేస్త్రీ ఎక్కాకే బండి కదలాలి. ఊరుకాని ఊళ్ళో, దారి తెలియని చేలో మనిషిని వదిలేసి వచ్చినవాళ్ళు మళ్ళీ మేస్త్రీగా ఉండకూడదని అమ్మ అనేది. మా పిల్లలకు పుస్తకంలో పాఠం రాకపోయినా ఈ కట్టుబాటు మాత్రం వచ్చు.

నా చెవులు పోయింది బేతంచెర్లలో. పెళ్ళయిన కొత్తలో నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేశాం. ఆ మిషన్ల చప్పుడుకు మొదట్లో పడుకుంటే చెవుల్లో గీ పెట్టేది. తర్వాత ఆ గీ పెట్టడం కూడా ఆగిపోయింది. ఊరికి తిరిగొచ్చి గుంపును పట్టుకున్నాక, మనుషుల చేతులు చూసి, పెదాలు చూసి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. కానీ పొద్దు గూకాక చేతులూ కనపడవు, పెదాలూ కనపడవు. అందుకే ఒక మిరపకాయల సీజను కష్టమంతా తీసుకుపోయి కర్నూలులో చెవి మిషన్ల షాపులో పెట్టాను.

షాపులో ఆరాధన అనే పిల్ల దాన్ని నా చెవికి అమర్చింది. నా ఫోనులో దానికి సంబంధించిన యాప్ కూడా ఎక్కించింది. ఆ మరుసటి రోజు చేలో గట్టు మీద నిలబడి గిడ్డయ్య మామను కేక వేశాను. గిడ్డయ్య మామ మా గుంపులో అందరికంటే పెద్దవాడు. సాయంత్రమైతే చేను ఆ చివరికి పోయి మేకలకు ఇంత గడ్డి కోసుకుంటాడు. అంత దూరం నుంచి 'ఓ' అన్నాడు. ఆ 'ఓ' వెనకాల ఆయన దగ్గు కూడా నాకు వినపడింది. అందరి ముందూ గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. అంత సంతోషం నాకు మా అమ్మాయి పుట్టినప్పుడు కలిగింది, మళ్ళీ అప్పుడే కలిగింది.

మరి ఇంత మంచి మిషనుకు ఏం రోగం వచ్చిందంటారా? అప్‌డేట్ వచ్చింది.

ఒక ఆదివారం ప్రార్థనకు పోతూ ఫోనులో పాట పెట్టుకున్నాను. పాట మీదికి ఏదో తెల్లటి పలక అడ్డం వచ్చింది. కింద 'సరే' అని ఉంది. మా వాళ్ళకు ఫోనులో ఏది అడ్డమొచ్చినా 'సరే' అని నొక్కి పారేయడం అలవాటు. నేనూ నొక్కాను. ఆ ఒక్క వేలి పనికి నేను పడిన పాట్లు చూడండి.

ఆ రోజు చర్చిలో వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళు నా చీర గురించి గుసగుసలాడుకోవడం స్పష్టంగా వినపడింది. భలే ఉందే అనుకున్నాను. అటువైపు మా పాస్టరు గారు గొంతు చించుకుని వాక్యం చెబుతుంటే, ఆయన ఎక్కడో బావిలో నుంచి మాట్లాడుతున్నట్టుంది. గొంతు బాగా లేదేమో అనుకున్నాను. రెండింటికీ ముడి ఉందని నా మట్టి బుర్రకు తట్టలేదు.

ఆ వారంలోనే జరగకూడనిది జరిగింది. ఆ రోజు జనం ఎక్కువై రెండు బొలెరోలు వచ్చాయి. నేను గట్టు మీద నిలబడి పేర్లు పిలిచాను. గిడ్డయ్య మామను పిలిస్తే 'ఓ' అన్నది చెవిన పడింది. మెల్లగా పడింది. వెనక బండిలో అప్పటికే ఎక్కి కూర్చుని పలికాడనుకున్నాను. ఆడపిల్లలు పాట అందుకున్నారు, ఇంజన్లు మోగాయి, బండ్లు కదిలాయి. ముందు బండివాళ్ళు ఆయన వెనక బండిలో ఉన్నాడనుకున్నారు, వెనక బండివాళ్ళు ముందు బండిలో ఉన్నాడనుకున్నారు. నిజానికి ఆయన చేను ఆ చివర గడ్డి మోపు ఎత్తుకోలేక, "ఓ... ఆగండి, వస్తాండా, ఆగండి" అని గొంతు పోయేదాకా అరిచాడంట. మొదటి 'ఓ' మాత్రం నాకు అందింది. తర్వాత వేసిన కేకలన్నిటినీ నా చెవిలో మిషను నొక్కేసింది.

ఆయన రోడ్డు వెంట నడిచి నడిచి ఇల్లు చేరాడు. తెల్లారి నేను ఆయన ఇంటికి పోయి కాళ్ళ దగ్గర కూర్చుంటే ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. "పోనీలేమ్మా" అని మేకలను విప్పుకుని పోయాడు.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి బయట వేపచెట్టు కింద శేషన్న లేచాడు. శేషన్న మా గుంపులోవాడే. మేస్త్రీ కావాలని అతనికి ఎప్పటి నుంచో కోరిక.

"ఏమప్పా, అందరూ ఉండారు కాబట్టి అడుగుతాండా. ఊరి కాడ కాబట్టి మామ నడుసుకుంటా ఇంటికి చేరినాడు. రేపు గుంటూరు కాడ ఎవురినన్నా ఇడిసిపెడితే వాళ్ళు యాడికి నడసాల?"

ఆ మాట మా అమ్మ బతికుంటే ఆమే అనేది. సంఘ పెద్ద ఏసన్న గొంతు సవరించుకున్నాడు.

"జ్యోతీ, శేషన్న మాటలో తప్పు ల్యా. మిరపకాయలకు పోయేలోపల నీ చెవి సంగతి తేల్చుకో. ల్యాకుంటే ఈ యేడు గుంపును శేషన్న తీసుకుపోతాడు."

తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోయి మిషను తీసి చేతిలో పెట్టుకుని, "ఏమే, నీకేం తక్కువ చేసినా?" అని మనిషిని అడిగినట్టు అడిగాను. మళ్ళీ పెట్టుకుని మా మేనకోడలిని గట్టిగా అరవమన్నాను, మెల్లగా మాట్లాడమన్నాను. అరిస్తే అణిగిపోతోంది, గొణిగితే గణగణ మోగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ 'సరే' నొక్కిన దగ్గర్నుంచే ఈ తిరకాసు. షాపుకు ఫోన్ చేసి జరిగినదంతా చెబితే ఆరాధన, "చాలామంది అడుగుతున్నారు పెద్దమ్మా, బుధవారం అందరికీ మీటింగు పెట్టారు, వచ్చేయండి" అంది. ఎమ్మిగనూరు మీదుగా బస్సు పట్టుకుని కర్నూలు పోయాను.

షాపు వెనక గదిలో కుర్చీలు వేసి, బిస్కెట్లు పెట్టారు. వచ్చినవాళ్ళందరి చెవుల్లోనూ నాలాంటి మిషనే. మేనేజరు ప్రవీణ్ ముందు నిలబడ్డాడు. చొక్కా మీద ముడత లేదు, మాటలో తడబాటు లేదు.

"ఇది మీ మంచికేనండి. ఇంతకు ముందు శబ్దమంతా ఉన్నదున్నట్టు వచ్చేది. ఇప్పుడు మిషనే తెలివిగా గోలను తగ్గించి మాటను పెంచుతుంది. మెల్లగా మాట్లాడినా, గుసగుస పెట్టినా స్పష్టంగా వినపడుతుంది."

"గోలంటే ఏందప్పా?" అన్నాను.

"గట్టిగా వచ్చే శబ్దాలమ్మా. హారన్లు, అరుపులు, కేకలు..."

నాకు ఒళ్ళు మండింది. "మా ఊళ్ళో మాటంటేనే అరుపు నాయనా. మెల్లగా మాట్లాడేది అప్పు అడగను వచ్చినోడు, అబద్దం చెప్పేటోడు. వాళ్ళిద్దర్నీ పెంచి, మావాళ్ళందర్నీ గోలంటావా?"

అందరూ నవ్వారు. ప్రవీణ్ కూడా నవ్వాడు, ఆ నవ్వు కంపెనీవాళ్ళు నేర్పిన నవ్వు.

"మీలాగా బయట పనిచేసేవాళ్ళ కోసమే అవుట్‌డోర్ ప్లాన్ అని పెట్టామండి. ఏడాదికొకసారి కడితే చాలు. ఎంత దూరం నుంచి కేక వేసినా వినపడుతుంది."

"అది నాకు ముందే ఇనపడతాండె గదప్పా! కొన్న దినమే ఇనపడె! పాతదే మళ్ళా పెట్టు. నీ కొత్తది నాకు వద్దు."

"పాత వెర్షన్ ఇక లేదమ్మా. కంపెనీ తీసేసింది. మా చేతుల్లో ఏమీ లేదు."

అక్కడ మొదలైంది గొడవ. నా పక్కన దస్తగిరి అనే ఆయన లేచాడు. కర్నూలు బస్టాండు దగ్గర ఆటోలకు మనుషులను పిలిచి ఎక్కించే పని ఆయనది.

"పొద్దంతా 'సీ క్యాంపు, సీ క్యాంపు' అని అరుస్తా భాయ్! ఇప్పుడు నా అరుపు నాకే ఇనపడదు. అరుస్తాండానా ల్యాదా అని గొంతు పట్టుకొని చూసుకుంటాండా. అల్లా తోడు, ఆటోలోళ్ళు నవ్వుతాండారు!"

"అయినా కట్టాల్సిందే," అన్నాడు ముందు వరసలో కూర్చున్న రామకృష్ణ సారు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడంట. "నాకైతే ఈ అప్‌డేట్ దేవుడు పంపించినట్టే ఉండాది. మా ఇంట్లో మిక్సీ, టీవీ, నా కొడుకు కోడలి పంచాయితీ, అన్నీ ఒకేసారి మోగుతాండె. ఇప్పుడు హాయిగా పేపరు చదువుకుంటాండా. ఊరికే చేసి పెట్టమంటే ఎట్లమ్మా? నువ్వు పాలు కొనవా? రోజూ దుడ్లు ఇయ్యవా? ఆ కంప్యూటర్ల ముందర కూర్చునే పిల్లోళ్ళకు జీతాలు యాడినుంచి వస్తాయి?"

"పాలు తాగితే అయిపోతాయి సార్, మళ్ళా కొంటాం. నేను పాలు కొనల్యా, బర్రెను కొంటి. అమ్మినోడు నా కొట్టంలోకి దూరి, పొదుగుకు గుడ్డ కట్టేసి, 'పాలు కావాల్నంటే ఏడాదికింత కట్టు' అంటే నువ్వు కడతావా?"

సారు తగ్గలేదు. "బర్రెకు దాణా ఎవురు పెట్టాల?"

"నేనే పెడతాండా! బ్యాటరీలు కొంటాండేది నేను గాదా? కొత్త సౌకర్యం తెచ్చినారా, దానికి దుడ్లు అడగమను, ఇచ్చేదీ ఇయ్యనిదీ నా ఇష్టం. నా కాడ ఉన్నదాన్ని పెరుక్కొని, దాన్నే మళ్ళా నాకు అమ్ముతాండారు. అది న్యాయమా సార్, నువ్వే చెప్పు!"

వేంపల్లె నుంచి కూతురింటికి వచ్చిన లక్ష్మీదేవమ్మ అనే పెద్దావిడ సంచి విప్పుతూ, "నేను కట్టేస్తా నాయనా. ఈ వయసులో కొట్లాడే ఓపిక నాకు ల్యా," అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు కానీ, సంచి విప్పిన ఆ చేతులు చూస్తే కడుపు రగిలింది. ఓపిక లేనివాళ్ళు కడతారనే కదా వీళ్ళ ధైర్యం!

ఇక్కడొక తమాషా చెప్పాలి. దస్తగిరి కోపంతో లేచి అరిచాడు. నేనూ అరిచాను. రామకృష్ణ సారూ అరిచాడు. ఎవరూ ఎవరికీ జవాబు చెప్పలేదు. ఎందుకంటే అరిచిన అరుపునల్లా అందరి చెవుల్లోని మిషన్లూ అణిచేస్తున్నాయి. "ఏమంటివి?" "ఏమంటివి?" అని చేతులూపుకోవడమే మిగిలింది. మెల్లగా మాట్లాడితేనే అవతలివాడికి వినపడుతుందని కాసేపటికి అందరికీ అర్థమైంది. కోపం పెరిగే కొద్దీ గొంతు తగ్గించాల్సి వచ్చింది. పళ్ళు నూరుతూ, వేళ్ళు చూపిస్తూ, పసిపిల్ల పడుకున్న ఇంట్లో తగువులాడినట్టు గుసగుసగా తిట్టుకున్నాం. మా సీమలో గొడవ అట్లా జరగడం నేను పుట్టాక చూడలేదు.

ప్రవీణ్ విసుగొచ్చి, "టీ తాగండి, ఇప్పుడే వస్తాను," అని చెక్క పార్టిషను వెనక్కి పోయాడు. ఆరాధన ఆయన వెనకే పోయింది. నా కుర్చీ ఆ చెక్కకు ఆనుకునే ఉంది. గదిలో అందరూ గుసగుసల్లోనే ఉన్నారు కాబట్టి పెద్ద చప్పుడేదీ లేదు. చెక్క వెనక నుంచి ఆ పిల్ల గొంతు నా చెవిలో చెప్పినట్టు వినపడింది.

"సార్, పాత వెర్షన్ మన ల్యాప్‌టాప్‌లో ఉంది కదా సార్. ఆ పెద్దమ్మకు ఎక్కించేద్దాం సార్. పాపం, ఆమె పని పోయేటట్టుంది."

"నోరు మూసుకో. ఒకరికి ఎక్కిస్తే అందరూ అడుగుతారు. ఇక ప్లాన్ ఎవరు కొంటారు? లేదనే చెప్పు. చెవిటోళ్ళకు ఏం తెలుస్తుంది?"

బేతంచెర్ల ఫ్యాక్టరీలో మా చెవులు పోతున్నాయని చెబితే అక్కడి సూపర్‌వైజరు కూడా ఇట్లాగే, మాకు వినపడదనుకుని, మా ముందే ఏదేదో అనేవాడు. ఆ రోజు నిజంగానే వినపడలేదు. ఈ రోజు ప్రతి అక్షరం వినపడింది. టీ గ్లాసు కింద పెట్టి లేచాను. గొంతు దాకా కేక వచ్చింది. మింగేశాను. అరిస్తే ఈ గదిలో నా మాట ఎవరికీ వినపడదు కదా! ప్రవీణ్ బయటికి రాగానే, నా జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా మాట్లాడాను.

"అందరూ ఇనండి. పాతది ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉండాది. అది పెడితే ఎవురూ దుడ్లు కట్టరని దాచిపెట్టినారు. మనం చెవిటోళ్ళమంట, మనకేం తెలుస్తాదంట."

ఒక్క ముక్క కూడా ఎవరికీ తప్పిపోలేదని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది. ప్రవీణ్ మొహంలో నవ్వు ఊడిపోయింది.

"ఎవరు చెప్పారమ్మా మీకు?"

ఆయన వెనక ఆరాధన మొహం పాలిపోయింది. నేను ఆ పిల్ల వైపు చూడనే లేదు.

"నీ అప్‌డేటే చెప్పింది నాయనా. గుసగుసలు స్పష్టంగా ఇనపడతాయని నువ్వే అంటివి గదా. ఇనపడినాయి. నువ్వు అనిన మాట అంతా ఇనపడింది. ఇంగ నేనడిగినదానికి జవాబు చెప్పు. ఈ మిషను ఎవురిది? నాదా, కంపెనీదా?"

"మిషను మీదేనమ్మా... కాకపోతే లోపలి సాఫ్ట్‌వేర్..."

"చెవి ఎవురిది?"

ప్రవీణ్ బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపాడు.

"చెవి నాది, మిషను నాది, లోపల కూచున్నోడు మాత్రం నీవాడు, వానికి నేను బాడుగ కట్టాలా? కట్టను. ఈ యేడు కట్టను, వచ్చే యేడు కట్టను. పాతది పెట్టేదాకా ఈ కుర్చీలోంచి లేయను. నీ షాపుకు బేరానికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఈడ కూచొని ఈ కథ చెప్తా. నా గొంతు సంగతి నీకు తెలుసు గదా, నాకు ఇననీకి మిషను కావాల్సొచ్చింది గానీ నా మాట ఇననీకి ఎవురికీ మిషను అక్కర్లేదు!"

చివరి మాటకు నా గొంతు లేచింది. అణుచుకుందామన్నా ఆగలేదు. దస్తగిరి కుర్చీ నా పక్కకు జరుపుకుని కూర్చుని, "నేనూ లేయను. రేపటి నుంచి బస్టాండులో 'సీ క్యాంపు' బదులు నీ షాపు పేరు పిలుస్తా, ఎట్ల పిలుస్తానో చూడు," అన్నాడు. లక్ష్మీదేవమ్మ విప్పిన సంచి మూట కట్టి చంకలో పెట్టుకుంది. విశేషమేమంటే, రామకృష్ణ సారు కూడా లేచాడు.

"నాకు కొత్తదే కావాల, నాకు పెట్టినది తీయొద్దు. అయినా అబద్దం ఆడినావు చూడు ప్రవీణ్, అది బాగల్యా. పాతది అడిగినోళ్ళకు పాతది ఇయ్యి. నేను డబ్బులు కట్టేది పనికి గానీ, దాపరికానికి గాదు."

ప్రవీణ్ ఫోను పట్టుకుని బయటికి పోయాడు, ఎవరితోనో మాట్లాడాడు, లోపలికి వచ్చాడు. పాతది ఎక్కిస్తే గ్యారంటీ ఉండదన్నాడు. గ్యారంటీ వద్దన్నాను. ఇక ముందు అప్‌డేట్లు రావన్నాడు. "అదే గదప్పా నేను మొక్కుకుంటాండేది!" అన్నాను.

నా వంతు వచ్చేలోపల శేషన్న సంగతీ, గిడ్డయ్య మామ సంగతీ పక్కవాళ్ళకు చెప్పాను. నా వంతు రాగానే రామకృష్ణ సారు నా పక్కకు వంగాడు. "ఇంకోసారి ఆలోచించుకోమ్మా. నువ్వు గుంపును నడిపే మనిషివి. నీ యెనకాల ఎవురు ఏమి గొణుగుతాండారో తెలిసే భాగ్యం ఎంతమందికి ఉంటాది? శేషన్న లాంటోళ్ళకు మందు అదే."

ఆ మాట నాకు తగిలింది. దాచుకోవడమెందుకు, ఆశ పుట్టింది. ఈ కొన్ని రోజుల్లో నేను విన్న గుసగుసలు తక్కువ కాదు. నా చీర మీద, నా చెవి మీద, నా కూలి లెక్క మీద ఎవరెవరు ఏమన్నారో అన్నీ విన్నాను. వింటుంటే మనుషులు ఒకరొకరే నాకు దూరమైపోయారు. నా వెనక మాట్లాడినవాళ్ళంతా నాకు తెలుసు, నన్ను పిలిచినవాడు మాత్రం చేను చివర గొంతు పోయేదాకా అరిచి రోడ్డు పట్టుకుని నడిచాడు. నాకు దుఃఖం పొర్లుకొచ్చింది.

"వద్దు సార్. గొణుక్కునేటోళ్ళు గొణుక్కోనీ. నన్ను పిలిచేటోళ్ళ మాట నాకు ఇనపడితే చాలు."

ఆరాధన మిషను తీయడానికి నా చెవి దగ్గరికి వంగింది. తీసే ముందు పెదాలు కదిలీ కదలనట్టు, "నా పేరు చెప్పనందుకు మీకు పుణ్యముంటుంది పెద్దమ్మా," అంది. ఆ అప్‌డేట్‌తో నేను విన్న చివరి మాట అది.

మరునాడు పత్తి చేలోకి పోయాం. జరిగింది అందరికీ చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు "చూద్దాం" అన్నారు. పొద్దు గూకేసరికి బొలెరో వచ్చింది. డ్రైవరు పక్క సీటు మేస్త్రీది. నేను గట్టు ఎక్కేలోపే శేషన్న పోయి ఆ సీట్లో కూర్చున్నాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ముందు నా పని కానీ అనుకున్నాను.

పేర్లు పిలిచాను. ఒక్కొక్క 'ఓ' చేను నలుమూలల నుంచీ వచ్చింది. ఎంత దూరం నుంచి వచ్చిందో అంత దూరం నుంచి వచ్చినట్టే వినపడింది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆఖరున పిలిచాను.

"ఓ... గిడ్డయ్య మామా!"

జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. గాలి, దూరంగా కుక్క అరుపు, అంతే. బండిలో నుంచి అందరూ నన్నే చూస్తున్నారు. శేషన్న కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. మూడోసారి నోరు తెరవబోతుండగా పత్తి చెట్ల మధ్య నుంచి గడ్డి మోపు కదులుతూ వచ్చింది. గిడ్డయ్య మామ రొప్పుకుంటూ నా దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"ఏం మామా, పిలిస్తే పలకల్యా? నేను పిలిచినది నీకు ఇనపడల్యానా?"

"ఇనపడిందమ్మా." ఆయన నేల చూపులు చూశాడు. "నేను అరిస్తే నీకు ఇనపడదేమోనని... ఎందుకులే అని నడిసొచ్చినా."

ఏసీ గదిలో అంత కొట్లాడాను. మిషను బాగైంది, కంపెనీవాడి చేత పాతది పెట్టించాను, అయినా ఈ ముసలాయన నా పిలుపుకు పలకడానికి జంకుతున్నాడు. దీనికి ఏ షాపుకు పోవాలి? నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, చెప్పులు అక్కడే వదిలేసి ఒట్టి కాళ్ళతో గట్టు దిగాను.

"మోపు కింద పెట్టు మామా. ఈడనే నిలబడు. నేను ఆ కొసకు పోతాండా. ఆడికి పోయినాక నువ్వు నన్ను పిలువు. ఎట్ల పిలుస్తావో నీ ఇష్టం. నేను పలికేదాకా బండి కదల్దు."

"యేందమ్మా ఇది, పొద్దు పోతాంది..."

"పోనీ!"

డ్రైవరు హారను కొట్టాడు. నేను వెనక్కి చూడలేదు. పత్తి చెట్ల సాళ్ళలో పడి నడిచాను. ఎండిన కాయల మొనలు కాళ్ళకు గీసుకున్నాయి. చాలా దూరం అది. గడ్డి మోపుతో ఈ దూరం నడిచి, అక్కడి నుంచి ఊరి దాకా ఆయన ఒక్కడే నడిచాడు. చివరి గట్టు ఎక్కి, బండికి వీపు పెట్టి నిలబడ్డాను. పెదాలు చూసి కనిపెట్టిందని రేపు ఎవరూ అనకూడదు. ముందు వాగు, వాగవతల బోడి గుట్ట, ఇంకేమీ లేదు. కళ్ళు మూసుకున్నాను. ఏమీ వినపడలేదు. ఇంకాసేపు ఏమీ వినపడలేదు. ప్రభువా, ఆ మనిషి నోరు తెరిపించు అని ప్రార్థన చేశాను.

"ఓ... జ్యోతమ్మా..."

సన్నగా, బొంగురుగా వచ్చింది. దాని వెనకాల దగ్గు. ఆ తర్వాత గొంతు పెరిగింది, ఆ పెరగడం కూడా నాకు వినపడింది.

"ఓ... మేస్త్రమ్మా... బండి పోతాండాదే... నిన్ను ఇడిసిపెట్టి పోతాండామే... ఉరికి రావే!"

బండిలో జనమంతా గొల్లున నవ్వారు. ఆ నవ్వూ వినపడింది. నేను తిరిగి, ఉన్న ఊపిరంతా పట్టి, "ఓ..." అని కేక వేశాను. ఏడుస్తూనే వేశాను. దూరాన శేషన్న ముందు సీటు దిగి, వెనక్కి పోయి అందరితో పాటు ఎక్కడం కనపడింది. నేను సాళ్ళ వెంట తిరిగి వస్తుంటే గిడ్డయ్య మామ ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడు. బండి దగ్గరికి చేరేదాకా నేను ప్రతి పిలుపుకూ పలుకుతూనే ఉన్నాను.